చిట్టీ పాటతో ఈజేబీ, స్ప్రింగ్ నేర్చుకుని పరీక్షకు కూర్చోవడం ఎలా

"ఈ మెథడ్ మీద ట్రాన్సాక్షనల్ అని రాశావు కదా, ఆ మాటను చదివేదెవరు?" మా బృందంలోకి కొత్తగా వచ్చిన ఎవరినైనా మొదటి వారంలో నేను అడిగే ప్రశ్న ఇది. ట్రాన్సాక్షనల్ అన్నది మెథడ్ మీద అంటించే చీటీ, దాన్ని అనొటేషన్ అంటారు: ఇందులోని పనులన్నీ కలిపి ఒక ట్రాన్సాక్షన్, అయితే అన్నీ జరగాలి, లేదా ఏదీ జరగకూడదు అని దానర్థం. కొందరు జావా అంటారు, కొందరు స్ప్రింగ్ (జావా అప్లికేషన్లకు వాడే ఫ్రేమ్‌వర్కు) అంటారు. స్ప్రింగ్ అన్నవాళ్లను "ఎప్పుడు చదువుతుంది, ఎక్కడ నిలబడి చదువుతుంది?" అని అడిగితే నవ్వేసి ఊరుకుంటారు. వాళ్లను తప్పుపట్టను. 2008లో, జావాను పుట్టించిన సన్ సంస్థవారి బిజినెస్ కాంపొనెంట్ డెవలపర్ అనే ఈజేబీ (ఎంటర్‌ప్రైజ్ జావాబీన్స్, సర్వరు మీద నడిచే వ్యాపార కోడ్‌ను బీన్లు అనే ముక్కలుగా రాసే పద్ధతి) పరీక్షలో ఇదే ప్రశ్న నాలుగైదు వేషాల్లో నా ముందుకు వచ్చింది. రెండు ప్రశ్నల తేడాతో తప్పాను.

చదవకపోవడం వల్ల తప్పలేదు. 2006లో ఊరి నుంచి వచ్చి ఎస్.ఆర్. నగర్‌లో హాస్టల్లో దిగి, అమీర్‌పేటలో మైత్రీవనం వెనక సందులో ఒక కోచింగ్ సెంటర్లో పొద్దున ఏడింటి బ్యాచ్‌లో చేరాను. జిరాక్స్ షాపులో స్పైరల్ బైండింగ్ వేయించిన నోట్సు చేతిలో ఉంటే సగం ఉద్యోగం వచ్చినట్టే అనుకునే రోజులు. ఆ నోట్సులో ఉన్నది ఈజేబీ 2.1. హోమ్ ఇంటర్‌ఫేస్, రిమోట్ ఇంటర్‌ఫేస్, బీన్ క్లాసు, వాటి మీద పెత్తనానికి ఒక ఎక్స్ఎంఎల్ ఫైలు. నమస్కారం చెప్పే ప్రోగ్రాముకే నాలుగు ఫైళ్లు. అదే ఏడాది మే నెలలో ఈజేబీ 3.0 వచ్చి ఆ హోమ్ ఇంటర్‌ఫేస్ అవసరం లేకుండా చేసింది. ఆ కబురు మా సందులోకి చేరడానికి ఏడాది పైనే పట్టింది. ఈలోగా నేను యాక్టివేట్, పాసివేట్ మెథడ్ల పేర్లన్నీ ఎక్కాల్లా వల్లె వేశాను.

అంటే నాకు పేర్లు తెలుసు, వాటి నడవడి తెలియదు. రెండోసారి రాసే ముందు నాలుగు నెలలపాటు పుస్తకం పక్కన పెట్టి, నడుస్తున్న కోడ్‌ను చేతులారా చెడగొట్టి ఏమవుతుందో చూడటమే పనిగా పెట్టుకున్నాను. అప్పుడు గట్టెక్కాను. ఈ పదహారు పదిహేడేళ్లలో నా దగ్గర నేర్చుకున్నవాళ్లకు చెప్పింది ఆ పద్ధతే, ఇక్కడ రాస్తున్నదీ అదే.

ఏ పరీక్ష రాయాలి

నేను రాసిన పరీక్ష ఇప్పుడు లేదు. 2010లో సన్‌ను ఒరాకిల్ కొన్న తర్వాత దాని పేరు మారింది, ఆ తర్వాత ఈజేబీకి విడిగా ఉన్న పరీక్షనే తీసేశారు. ఈజేబీ భాగంగా ఉన్న జావా ఈఈ ప్రమాణం కూడా ఒరాకిల్ నుంచి ఎక్లిప్స్ ఫౌండేషన్ చేతికి వెళ్లి 2018లో జకార్తా ఈఈ అయింది. పరీక్ష పోయినా కోడ్ పోలేదు. బ్యాంకుల, బీమా సంస్థల వెనక గదుల్లో ఈజేబీ ఇంకా నడుస్తోంది. నా జీతం అందులోంచే వస్తుంది కాబట్టి చెప్పగలను.

అందుకని నా సలహా ఇది. కంటెయినర్ (మన బీన్లను పుట్టించి, తన లోపల ఉంచుకుని నడిపేది) అంటే ఏమిటో ఈజేబీతో నేర్చుకోండి. సర్టిఫికెట్టు మాత్రం స్ప్రింగ్ ప్రొఫెషనల్ పరీక్షతో తెచ్చుకోండి. 2వీ0-72.22 అనే సంకేతంతో ఉన్న ఆ పరీక్షలో 60 ప్రశ్నలు, 130 నిమిషాలు. మార్కులను 100 నుంచి 500 వరకు ఉన్న కొలబద్దలోకి మారుస్తారు, 300 వస్తే ఉత్తీర్ణత. ఈ పరీక్ష పెట్టే వీఎంవేర్ సంస్థ 2023 నవంబరులో బ్రాడ్‌కామ్ చేతికి వెళ్లింది కాబట్టి డబ్బు కట్టే రోజున అధికారిక పేజీ తెరిచి సంకేతం, సిలబస్, ఏ వెర్షన్ మీద అడుగుతున్నారన్నది చూసుకునే కట్టండి. ఏ పరీక్షకైనా నేను చెప్పే మొదటి మాట ఇదే.

మీ ఉద్యోగంలో ఈజేబీ లేకపోతే ఆ భాగాన్ని మూడు వారాల నుంచి ఒక వారానికి కుదించండి, మానేయకండి. స్ప్రింగ్ సముద్రం. ఈజేబీ చెరువు. నాలుగు రకాల బీన్లు, ఆరు ట్రాన్సాక్షన్ గుణాలు, రెండు రకాల ఎక్సెప్షన్లు, అంతే దాని వైశాల్యం. ఈత చెరువులోనే నేర్చుకోవాలి.

సామాను సర్దుకోవడం

ఎనిమిది జీబీ మెమరీ ఉన్న లాప్‌టాప్ చాలు. జావా 17, మావెన్, ఎక్లిప్స్ లేదా ఇంటెల్లిజే, ఈజేబీని నడిపే వైల్డ్‌ఫ్లై సర్వరు. అన్నీ ఉచితమే. వైల్డ్‌ఫ్లై జిప్ ఫైలు విప్పి, బిన్ ఫోల్డరులో స్టాండలోన్ అనే స్క్రిప్టు నడిపితే 8080 పోర్టులో అప్లికేషన్లు, 9990లో పర్యవేక్షణ పేజీ వస్తాయి.

ఇక్కడ రెండు గోతులున్నాయి. ఆఫీసులోని పాత కోడ్ పట్టుకొచ్చి సాధన చేయాలనుకుంటే వైల్డ్‌ఫ్లై 26 తీసుకోండి. 27 నుంచి ప్యాకేజీ పేర్లన్నీ జావాఎక్స్ పోయి జకార్తా అయ్యాయి, పాత కోడ్ అందులో లేవదు. కొత్తగా రాసుకునేవాళ్లు 27 లేదా ఆ పైది తీసుకోవచ్చు. రెండో గొయ్యి: మామూలుగా లేపిన సర్వరులో సందేశాల క్యూలు ఉండవు. మెసేజ్ డ్రివెన్ బీన్ (క్యూలోకి వచ్చే సందేశాలను అందుకునే బీన్) రాసి, సర్వరులోకి ఎక్కించి, ఎర్ర అక్షరాలు చూసి మా కుర్రాడొకడు రెండు రాత్రులు తన కోడ్‌లో తప్పు వెతుక్కున్నాడు. కోడ్‌లో తప్పేమీ లేదు. సర్వరును స్టాండలోన్-ఫుల్ అనే కాన్ఫిగరేషన్ ఫైలుతో లేపాలి, అంతే.

సాధనకు చిట్టీ

సాధనకు ఎంచుకునే ఉదాహరణ మీద నాకు పట్టుదల ఉంది. పుస్తకాల్లో ఎప్పుడూ షాపింగ్ బుట్ట, లేదంటే ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు డబ్బు. రెండు వరుసలు మారే దానిలో ట్రాన్సాక్షన్ చెడినా కళ్లకు కనబడదు. నేను చిట్టీ పాట రాయిస్తాను. మా అమ్మ తాడేపల్లిగూడెంలో మా వీధి ఆడవాళ్లతో ఇరవై మంది చిట్టీ నడిపేది. పొడుగాటి లెక్కల పుస్తకంలో ఒక్కో పాటకు ఒక్కో పేజీ. కొట్టివేత ఉంటే ఆ పేజీ మొత్తం చింపి మళ్లీ రాసేది. రోల్‌బ్యాక్ (చేసినదంతా వెనక్కి తిప్పడం) అనే మాట వినడానికి పదేళ్ల ముందే నేను దాన్ని చూశాను.

లెక్క ఇలా పెట్టుకోండి. ఇరవై మంది, నెలకు 5,000, చిట్టీ మొత్తం లక్ష. ఈ నెల ఒకరు 18,000 తగ్గించి పాడారు, కాబట్టి ఆమె చేతికి 82,000. ఆ 18,000లోంచి నిర్వాహకుల కమీషన్ చిట్టీ మొత్తం మీద 5 శాతం, అంటే 5,000. మిగిలిన 13,000 ఇరవై మందికి పంచితే తలా 650 డివిడెండు. ఈ నెల ఒక్కొక్కరూ కట్టేది 4,350. ఇరవై మందివీ కలిపితే 87,000. పాడుకున్నామె 82,000, కమీషన్ 5,000, సరిపోయింది.

పాట ముగించే మెథడ్ ఒక్కటే, కానీ అది డేటాబేసులో ఇరవై రెండు వరుసలకు తక్కువ కాకుండా ముట్టుకుంటుంది: ఇరవై మంది డివిడెండ్లు, పాడుకున్నామెకు చెల్లింపు, కమీషన్. మధ్యలో ఎక్కడ తెగినా ఎంత తెగిందో రూపాయల్లో కనబడుతుంది. అదే దీని అందం.

కమీషన్ శాతాన్ని కోడ్‌లో రాయకండి. 1982 నాటి చిట్ ఫండ్ల చట్టం కమీషన్‌కు పెట్టిన గరిష్ఠ పరిమితి 5 శాతాన్ని 2019లో 7కు పెంచారు. కోడ్‌లో 5 అని రాసుకున్నవాళ్లు ఆ రోజు అన్ని ఫైళ్లూ వెతుక్కుని ఉంటారు. ప్రాపర్టీ ఫైలులో పెట్టండి. స్ప్రింగ్ పరీక్షలో బయటి విలువలను బీన్‌లోకి తెచ్చే ప్రశ్నలు తప్పకుండా ఉంటాయి, వాటికిది సాధన. డబ్బుకు డబుల్ రకం వాడకండి, బిగ్‌డెసిమల్ వాడండి. 13,000 ఇరవైతో తెగుతుంది, వచ్చే నెల పాట 18,010కి పోతే తలా 650 రూపాయల 50 పైసలు అవుతుంది.

జోస్యం పుస్తకం

ఒక రెండు వందల పేజీల నోటు పుస్తకం కొనండి. ఎడమ పేజీలో జోస్యం, కుడి పేజీలో ఫలితం. ఏ కోడ్ నడిపే ముందైనా ఏమవుతుందో ఎడమ వైపు పెన్నుతో రాయాలి. పెన్సిల్ వద్దు, చెరిపేయబుద్ధి అవుతుంది. నడిపాక జరిగింది కుడి వైపు రాయాలి. రెండూ కలవని పేజీ మూల మడవండి. పరీక్ష ముందు రోజు చదవాల్సింది ఆ మడతలే.

మొదటి ప్రయోగం చాలా చిన్నది. పాట ముగించే మెథడ్‌ను స్టేట్‌లెస్ బీన్‌లో (పిలుపుకీ పిలుపుకీ మధ్య ఏదీ గుర్తుపెట్టుకోనిది) పెట్టి, ఆ మెథడ్ లోపల స్టాక్ ట్రేస్, అంటే ఎవరు ఎవరిని పిలిస్తే ఇక్కడిదాకా వచ్చిందో చెప్పే జాబితా, ముద్రించండి. మీరు రాసింది బ్రౌజరు పిలుపు అందుకునే ఒక సర్వ్‌లెట్, ఒక బీన్. మధ్యలో రెండే వరుసలు ఉంటాయని జోస్యం రాస్తారు. ముద్రించి చూస్తే పదుల కొద్దీ వరుసలు. పేర్లు చదవండి. వాటిలో సీఎంటీ-టీఎక్స్ ఇంటర్‌సెప్టర్ అని ఒకటుంటుంది. నేను కొత్తవాళ్లను అడిగే ప్రశ్నకు జవాబు ఆ వరుసే. మీ మెథడ్‌కు ముందు నిలబడి ట్రాన్సాక్షన్ తెరిచేది, మీ మెథడ్ అయిపోయాక మూసేది అది. ఇదే పని స్ప్రింగ్‌లో చేస్తే ట్రాన్సాక్షన్ ఇంటర్‌సెప్టర్ కనబడుతుంది. ఇంజెక్ట్ అయిన, అంటే కంటెయినర్ తెచ్చి చేతికిచ్చిన, బీన్ క్లాసు పేరు ముద్రిస్తే మీ క్లాసు పేరుకు సీజీలిబ్ అనే తోక తగిలి ఉంటుంది. మీ చేతికి వచ్చింది మీరు రాసిన వస్తువు కాదు, దాని వేషం వేసుకున్న ప్రాక్సీ. దీన్ని కళ్లతో చూసినవాళ్లు మిగతా ప్రయోగాల్లో సగం జోస్యాలు సరిగ్గా చెబుతారు.

రెండో ప్రయోగం: డివిడెండు పంచే లూపులో పదమూడో సభ్యురాలి దగ్గర రన్‌టైమ్ ఎక్సెప్షన్ విసరండి. డేటాబేసు చూడండి. ఏమీ మారి ఉండదు. మా అమ్మ పేజీ చింపినట్టే.

ఇప్పుడు అదే చోట మీరు సొంతంగా రాసుకున్న చెక్డ్ ఎక్సెప్షన్ (పట్టుకోమనో ప్రకటించమనో కంపైలరు పట్టుబట్టే రకం) విసరండి, "ఈ సభ్యురాలు బాకీ ఉంది" అని. ముందు జోస్యం రాయండి. పదిమందిలో ఎనిమిది మంది ఇక్కడ పేజీ మూల మడుస్తారు. పన్నెండు మందికి 650 చొప్పున 7,800 జమ అయి ఉంటుంది, మిగతా ఎనిమిది మందికి రావలసిన 5,200 గాలిలో ఉంటుంది. ఎక్సెప్షన్ పైకి వచ్చింది, ట్రాన్సాక్షన్ మాత్రం నిక్షేపంగా కమిట్ అయింది, అంటే ఖాయమైపోయింది. ఈజేబీలోనూ స్ప్రింగ్‌లోనూ నియమం ఇదే: చెక్డ్ ఎక్సెప్షన్‌ను అవి "అప్లికేషన్ మాట్లాడుకునే మాట"గా చూస్తాయి, ప్రమాదంగా చూడవు. వెనక్కి తిప్పాలంటే ఈజేబీలో ఆ ఎక్సెప్షన్ క్లాసు మీద అప్లికేషన్ ఎక్సెప్షన్ అనొటేషన్ పెట్టి రోల్‌బ్యాక్ ట్రూ అని చెప్పాలి. స్ప్రింగ్‌లో ట్రాన్సాక్షనల్ అనొటేషన్‌లో రోల్‌బ్యాక్-ఫర్ అని ఆ క్లాసు పేరు ఇవ్వాలి. రెండూ చేసి, రెండుసార్లూ డేటాబేసు చూడండి.

నాలుగోది నాకు పరువు తీసిన ప్రయోగం. పాట చెడిపోయినా "ఫలానా సమయానికి ఫలానా పాట ముగించబోయాం" అనే ఆడిట్ వరుస మిగలాలి. దానికి రిక్వైర్స్-న్యూ అనే గుణం ఉంది: జరుగుతున్న ట్రాన్సాక్షన్‌ను పక్కన ఆపి, కొత్తది తెరిచి, పని చేసి, మూసి, పాతదాన్ని మళ్లీ అందుకుంటుంది. ఆడిట్ రాసే మెథడ్‌ను పాట ముగించే క్లాసులోనే పెట్టి, దాని మీద రిక్వైర్స్-న్యూ రాసి, దిస్ ద్వారా పిలవండి. తర్వాత రన్‌టైమ్ ఎక్సెప్షన్ విసరండి. ఆడిట్ వరుస కూడా మాయమవుతుంది. దిస్ అంటే మీ అసలు వస్తువు, ప్రాక్సీ కాదు. ఇంటి లోపలి నుంచి వంటింట్లోకి వెళ్లేవారిని వీధి గుమ్మం దగ్గరి కాపలాదారు చూడడు కదా. అనొటేషన్ అక్కడే ఉంది, చదివేవాళ్లు లేరు.

నేను పాత ఉద్యోగంలో సరిగ్గా ఇదే రాశాను. రాత్రి బ్యాచ్ చెడింది, పొద్దున్నే చూస్తే ఎక్కడ చెడిందో చెప్పాల్సిన ఆడిట్ టేబులు ఖాళీ. రెండు రోజులు డేటాబేసువాళ్లను అనుమానించాం. ఆ కోడ్ కింద పేరు నాది. ఆడిట్ మెథడ్‌ను ఇంకో బీన్‌లోకి మార్చి ఇంజెక్ట్ చేసుకోవడం దీనికి మందు. ఈజేబీలో సెషన్ కాంటెక్స్ట్ నుంచి గెట్-బిజినెస్-ఆబ్జెక్ట్ అడిగి దాని ద్వారా పిలిచినా పనిచేస్తుంది. పాత పరీక్షలో నేను తప్పిన ప్రశ్నల్లో ఒకటి ఇదేనని నా అనుమానం. స్ప్రింగ్ పరీక్షకు సిద్ధమయ్యేవాళ్లు దీన్ని నిద్రలో లేపి అడిగినా చెప్పగలగాలి.

ఐదోది: సభ్యులకు ఎస్ఎంఎస్ పంపే బీన్. నిజంగా పంపనక్కర్లేదు, తెరమీద ముద్రిస్తే చాలు. అది రన్‌టైమ్ ఎక్సెప్షన్ విసురుతుంది. "ఎస్ఎంఎస్ పోకపోతే పోనీ, పాట ముగియాలి" అనుకుని మీరు పాట ముగించే మెథడ్‌లో ట్రై, క్యాచ్ పెట్టి మింగేస్తారు. అయినా మొత్తం వెనక్కి పోతుంది. ఎందుకంటే ఆ ఎక్సెప్షన్ మీ క్యాచ్ దాకా రాకముందే ఎస్ఎంఎస్ బీన్ గుమ్మం దగ్గరి ఇంటర్‌సెప్టర్‌ను దాటింది. అది వెళ్తూ వెళ్తూ ఉమ్మడి ట్రాన్సాక్షన్ మీద రోల్‌బ్యాక్ ముద్ర గుద్దేసింది. స్ప్రింగ్‌లో అన్‌ఎక్స్‌పెక్టెడ్ రోల్‌బ్యాక్ ఎక్సెప్షన్ అని వస్తుంది. ఆ పేరు చూసి చాలామంది స్ప్రింగ్‌లో ఏదో లోపం ఉందనుకుంటారు.

దీనికి సరైన దారి క్యూ. ఎస్ఎంఎస్ సందేశాన్ని జేఎంఎస్ (జావాలో సందేశాలు పంపే పద్ధతి) క్యూలో వేసి, అవతల మెసేజ్ డ్రివెన్ బీన్‌తో పంపించండి. వైల్డ్‌ఫ్లై ఇచ్చే ఎక్స్ఏ కనెక్షన్ (డేటాబేసునూ క్యూనూ ఒకే ట్రాన్సాక్షన్‌లో కలిపేది) ద్వారా వేస్తే ఆ సందేశం కూడా అదే ట్రాన్సాక్షన్‌లో ఉంటుంది, పాట వెనక్కి తిరిగితే సందేశమూ బయలుదేరదు. తర్వాత ఆ బీన్ లోపల ముద్రించాక ఎక్సెప్షన్ విసిరి చూడండి. అదే సందేశం మళ్లీ మళ్లీ వస్తుంది, హద్దు దాటాక, అందించలేని సందేశాలు చేరే డెడ్ లెటర్ క్యూలో పడుతుంది. నిజం ఎస్ఎంఎస్ అయితే ఒకే ఆమెకు అదే కబురు అన్నిసార్లు వెళ్లేది. ఆ ముద్రణలు లెక్కపెట్టి కుడి పేజీలో రాయండి.

ఈజేబీలో ఇంకా మిగిలినవి చూసిపోవచ్చు. కొత్త సభ్యురాలి చేరిక మూడు పేజీల ఫారంగా చేసి స్టేట్‌ఫుల్ బీన్‌లో, నడుస్తున్న పాటలో ఇప్పటిదాకా వచ్చిన పెద్ద తగ్గింపును సింగిల్టన్ బీన్‌లో, ప్రతి నెలా ఐదో తేదీ గుర్తుచేసే పనిని షెడ్యూల్ అనొటేషన్‌తో రాయండి. ఒక్కొక్కటి ఒక సాయంత్రం.

ఒకే మాట, రెండు అర్థాలు

ఈజేబీ అయ్యాక అదే చిట్టీని స్ప్రింగ్ బూట్‌లో (స్ప్రింగ్ అమరికలను చాలావరకు తానే చేసిపెట్టేది) మళ్లీ రాయండి. నకలు కొట్టకుండా, మొదటి నుంచి. ఒకే పని రెండు చోట్ల చేస్తున్నప్పుడు తేడాలు వాటంతట అవే పైకి తేలతాయి. పరీక్ష పెట్టేవాళ్లకు ఇష్టమైన చోట్లు ఇవే.

ఈజేబీలో అనొటేషన్ ఏమీ రాయకపోయినా ప్రతి బిజినెస్ మెథడ్‌కు రిక్వైర్డ్ గుణం (ట్రాన్సాక్షన్ ఉంటే అందులో చేరడం, లేకపోతే కొత్తది తెరవడం) ఉన్నట్టే. స్ప్రింగ్‌లో రాయకపోతే లేనట్టే. ఈజేబీ నుంచి వచ్చినవాళ్లు ఇక్కడ బోల్తాపడతారు. నేను పడ్డాను.

స్టేట్‌లెస్ బీన్ ఒక కొలనులో ఉంటుంది, ఒక్కో వస్తువు ఒకసారికి ఒక్క పిలుపునే తీసుకుంటుంది. స్ప్రింగ్‌లో మామూలు బీన్ ఒక్కటే వస్తువు, వచ్చిన థ్రెడ్లన్నీ దాని మీదే పడతాయి. "ప్రస్తుత సభ్యురాలు" అని ఒక ఫీల్డు పెట్టి, రెండు బ్రౌజర్ల నుంచి ఒకేసారి పిలవండి. మెథడ్ మధ్యలో ఐదు సెకన్లు నిద్రపుచ్చితే చాలు. ఒకామె డివిడెండు ఇంకొకామె ఖాతాలో కనబడుతుంది.

ప్రోటోటైప్ బీన్‌ను (అడిగినప్పుడల్లా కొత్తగా పుట్టేది) సింగిల్టన్‌లోకి (ఒక్కటే ఉండేది) ఇంజెక్ట్ చేస్తే ప్రతిసారీ కొత్తది రాదు, ఇంజెక్షన్ ఒక్కసారే జరుగుతుంది. ప్రోటోటైప్ బీన్‌కు ప్రీ-డిస్ట్రాయ్ మెథడ్‌ను (బీన్ పోయే ముందు నడవాల్సినది) స్ప్రింగ్ పిలవదు. కాన్ఫిగరేషన్ క్లాసులో ఒక బీన్ మెథడ్‌ను ఇంకో బీన్ మెథడ్ నుంచి రెండుసార్లు పిలిచినా వచ్చేది ఒకే వస్తువు, ఎందుకంటే ఆ క్లాసుకూ ప్రాక్సీ తోక ఉంది. ఇవి మూడూ పావుగంటలో నడిపి చూసుకోగలిగినవి. చదివి గుర్తుపెట్టుకుందామంటే మాత్రం పరీక్ష గదిలో మూడూ కలగాపులగం అవుతాయి.

పరీక్షకు చదవడం

సిలబస్‌లో ఆరు భాగాలు: స్ప్రింగ్ కోర్, డేటా, ఎంవీసీ (వెబ్ పొర), టెస్టింగ్, సెక్యూరిటీ, బూట్. నాకైతే కోర్, డేటా మీద సగం సమయం పెట్టడం సబబు అనిపిస్తుంది. అవి వస్తే మిగతావి వాటి మీద అల్లుకున్నవే. ఉద్యోగం చేసుకుంటూ చదివేవాళ్లకు పది వారాలు. నేను పొద్దున ఐదు నుంచి ఆరున్నర దాకా, ఇంట్లో వాళ్లు లేవకముందు కూర్చునేదాన్ని. రాత్రిపూట చదువు నాకు అబ్బలేదు.

కోర్‌లో అందరూ తడబడేది బీన్ పుట్టుక క్రమం. బీన్ ఫ్యాక్టరీ పోస్ట్ ప్రాసెసర్ పనిచేసేది బీన్ల నిర్వచనాల మీద, వస్తువులు పుట్టకముందు. బీన్ పోస్ట్ ప్రాసెసర్ పనిచేసేది పుట్టిన వస్తువుల మీద. పేర్లు కవలల్లా ఉన్నాయి కాబట్టి రెండింటిలోనూ ముద్రించే వరుస పెట్టి, కన్‌స్ట్రక్టరులో ఒకటి, పోస్ట్-కన్‌స్ట్రక్ట్‌లో ఒకటి పెట్టి, ఏ వరుసలో వస్తాయో ఎడమ పేజీలో రాసి నడపండి. ఒక్కసారి తప్పితే జన్మలో మరవరు.

డేటా భాగానికి ట్రాన్సాక్షన్ ఇంటర్‌సెప్టర్ లాగ్ స్థాయిని ట్రేస్‌కు పెట్టుకోండి. ప్రతి మెథడ్‌కు ట్రాన్సాక్షన్ ఎప్పుడు తెరిచిందో, ఎప్పుడు ముగించిందో తెరమీద పడుతుంది. ఈజేబీలోని ఆరు గుణాలకు స్ప్రింగ్ నెస్టెడ్ అనే ఏడోది కలిపింది. మాండేటరీ (ట్రాన్సాక్షన్ ముందే ఉండి తీరాలి), నెవర్ (అసలు ఉండకూడదు) అనే రెండూ ఉద్యోగంలో ఎప్పుడూ కనబడవు, పరీక్షలో కనబడతాయి. చిట్టీలోనే ఒక్కో మెథడ్‌కు మార్చి మార్చి పెట్టి చూడండి.

బూట్ భాగానికి అప్లికేషన్‌ను డీబగ్ ఆప్షన్‌తో లేపి, ఏ ఆటో కాన్ఫిగరేషన్ (బూట్ తనంతట తాను చేసే అమరిక) ఎందుకు చేరిందో, ఏది ఎందుకు చేరలేదో చెప్పే ఆ పొడుగాటి నివేదికను ఓపిగ్గా ఒక్కసారి పూర్తిగా చదవండి. ఎవరూ చదవరు. చదివితే కండిషనల్ ప్రశ్నలన్నీ అందులోనే ఉన్నాయని తెలుస్తుంది. మీరు సొంతంగా డేటాసోర్స్ బీన్ రాసి మళ్లీ లేపితే నివేదికలో ఏ వరుస పక్కకు తప్పుకుందో చూడండి. విలువల పెత్తనం కూడా తేల్చుకోండి: కమీషన్ శాతాన్ని ప్రాపర్టీ ఫైలులో 5, పర్యావరణ చలరాశిలో 6, కమాండ్ లైనులో 7 పెట్టి నడిపితే 7 గెలుస్తుంది. కమాండ్ లైన్ తీసేస్తే 6. నడుస్తున్న అప్లికేషన్ స్థితిని చూపించే యాక్చ్యుయేటరు ఇప్పటి వెర్షన్లలో వెబ్‌లో తనంతట తాను చూపించేది హెల్త్ ఒక్కటే, మిగతావి మీరు తెరవాలి.

టెస్టింగ్‌కు రెండు రోజులు. టెస్టు మెథడ్ మీద ట్రాన్సాక్షనల్ పెడితే టెస్టు అయ్యాక రోల్‌బ్యాక్ అవుతుందన్నది, వెబ్ పొర ఒక్కటే లేపే టెస్టుకూ మొత్తం లేపే టెస్టుకూ తేడా, ఈ రెండూ గట్టిగా పట్టుకోండి. సెక్యూరిటీ నాకు విసుగు, కాబట్టి దాని గురించి నన్ను ఎక్కువ నమ్మకండి. అధికారిక గైడు చదివి, చిట్టీలో పాట ముగించే అధికారం నిర్వాహకురాలికి మాత్రమే ఉండేలా మెథడ్ మీద అనొటేషన్ రాసి చూడండి. అదీ ప్రాక్సీ పనే, దిస్ ద్వారా పిలిస్తే అదీ మౌనంగా ఊరుకుంటుంది.

డంపుల గురించి అడగకుండానే చెబుతాను. అసలు ప్రశ్నలు ఎత్తుకొచ్చామని అమ్మే ఫైళ్లు మా రోజుల్లో ఫొటోకాపీలుగా తిరిగేవి, ఇప్పుడు ఫోన్లలో తిరుగుతున్నాయి. పరీక్ష నియమాలకు అవి విరుద్ధం, పట్టుబడితే సర్టిఫికెట్టు రద్దవుతుంది. అది అటుంచండి. నేను చూసినవాటిలో ఎక్సెప్షన్ల ప్రశ్నలకు తప్పు జవాబులున్నాయి. ఇంటర్వ్యూలో ఎదురుగా కూర్చునేది నాలాంటివాళ్లు. సర్టిఫికెట్టు బల్లమీద పెట్టినవాళ్లను నేను పదమూడో సభ్యురాలి ప్రశ్నే అడుగుతాను. నమూనా పరీక్షలు మాత్రం నిజాయతీగా అమ్మేవి రెండు మూడు రాయండి. తప్పిన ప్రతి ప్రశ్ననూ కోడ్‌గా మార్చి నడిపి చూశాకే తర్వాతి నమూనాకు వెళ్లండి.

పేరు, గది, గడియారం

నమోదు చేసుకునేటప్పుడు మనవాళ్లకు ప్రత్యేకంగా వచ్చే చిక్కు ఇంటిపేరు. ఒక కార్డులో ఇంటిపేరు ముందు, ఇంకోదానిలో ఒక్క అక్షరంగా, పాస్‌పోర్టులో పూర్తిగా. పరీక్షకు మీరిచ్చిన పేరు, ఆ రోజు చూపించే గుర్తింపు కార్డులో పేరు అక్షరం పొల్లుపోకుండా కలవాలి. పాస్‌పోర్టు ఉంటే అందులో ఉన్నట్టే నమోదు చేసుకోండి. మా బృందంలో ఒకమ్మాయి పెళ్లయ్యాక మారిన ఇంటిపేరుతో నమోదు చేసుకుని పాత పేరున్న కార్డు పట్టుకుపోయి, గుమ్మం నుంచే తిరిగివచ్చింది. ఫీజు పోయింది.

ఇంటి నుంచి రాసే వీలు ఉన్నా పరీక్షా కేంద్రానికే వెళ్లండని చెబుతాను. ఇంట్లో అయితే గది నాలుగు మూలలా ఫొటోలు తీసి పంపాలి, బల్లమీద కాగితం ఉండకూడదు, ప్రశ్నను పెదవులతో చదువుకున్నా కెమెరా అవతల ఉన్నవారు హెచ్చరిస్తారు. కరెంటు పోతే, ఇన్వర్టరు మీద రౌటరు లేకపోతే, ఎవరో తలుపు తోసుకుని "కూర ఏం చేయమంటావు" అని అడిగితే అంతే సంగతులు. కేంద్రంలో ఈ బెడద లేదు. ఏసీ మాత్రం విపరీతంగా ఉంటుంది, పొడుగు చేతుల చొక్కా వేసుకోండి.

130 నిమిషాలకు 60 ప్రశ్నలంటే ప్రశ్నకు రెండు నిమిషాల పైచిలుకు. మొదటి చుట్టులో గంటా పది నిమిషాల్లో అన్నీ దాటాలి. సందేహం ఉన్నదాన్ని కూడా ఏదో ఒక జవాబు పెట్టి గుర్తు వేసుకుని ముందుకు పోండి, ఖాళీగా వదిలితే వచ్చేది సున్నాయే. "రెండు ఎంచుకోండి" అన్నచోట రెండే ఎంచుకున్నారా అని చివర్లో ఒకసారి లెక్కపెట్టండి. కోడ్ ఇచ్చిన ప్రశ్నల్లో మెథడ్ లోపల ఏముందో చూసే ముందు, దాన్ని ఎవరు పిలుస్తున్నారో చూడండి. దిస్ కనబడితే వేలు అక్కడ ఆపండి.

రెండోసారి పరీక్షకు వెళ్లినప్పుడు నా పుస్తకంలో మూల మడిచిన పేజీలు నలభై ఒకటి. కేంద్రంలో ఫోను, గడియారం, పర్సు, ఆ పుస్తకం అన్నీ తీసుకుని ఒక లాకర్లో పెట్టి తాళం నా చేతికిచ్చారు. బయటికొచ్చాక హడావుడిలో పుస్తకాన్ని లాకర్లోనే మరిచిపోయి, అమీర్‌పేట బస్టాపు దాకా వెళ్లి మళ్లీ వెనక్కి పరుగెత్తాను. ఇప్పుడు అది మా బృందంలో ఎవరి డ్రాయరులో ఉందో వాళ్లే చెప్పాలి.